పదకొండు నిమిషాల పడవ

పద్దెనిమిదేళ్ళ కింద ఆ బురదనేల దాటాలంటే
నలభై నిమిషాలు నడవాలి.
గుర్రం కొనాలంటే మూడు నెలలు
తోడేళ్ళ తోళ్ళు అమ్ముకోవాలి.
చస్తే, శ్మశానం నుంచి మన శవం దాకా
మళ్ళీ మనమే నడిచి వెళ్ళాలి.
ఇప్పుడు మ్యాప్ మీద వేలు పెడితే చాలు,
రెక్కలొస్తాయి.

పాతదంతా బంగారమని నేననను.
అప్పట్లో సర్వర్ మంగళవారాలు పడకేసేది.
దాచుకున్న కత్తి తెల్లారేసరికి మాయమైతే
మొరపెట్టుకోవడానికి దిక్కుండేది కాదు.
ఓసారి డ్రాగన్ ఒకటి గోడలో సగం ఇరుక్కుని
వారం రోజులు తోక మాత్రం ఆడించింది.
ఆ తోక పక్కనే కూర్చుని మేం చేపలు పట్టాం.

మాది కెమి. సముద్రం గడ్డకట్టే ఊరు.
కాగితం మిల్లులో రాత్రి షిఫ్టు, మూడో నంబరు యంత్రం.
తెల్లారి ఇంటికొచ్చి
(డిసెంబరులో తెల్లారదు, ఊరికే అంటాం)
బూట్లకంటిన మంచు నీళ్ళయ్యేలోపు
నేను కూసమనైపోయేదాన్ని.
కూసమ మా వైపు పొదల్లో పూసే పువ్వు.
గాయాలు మాన్పడం నా పని.
ఏ యుద్ధంలోనూ శత్రువు ముఖం సరిగ్గా చూడలేదు,
నావాళ్ళ తలల మీద పచ్చగీతలు
తరిగిపోవడమే చూశాను.

"ఇన్నేళ్ళూ ఆడి ఏం గెలిచావే?" అంటాడు తమ్ముడు ఓయ్వా,
మంచు తోసే బండి కింద వెల్లకిలా పడుకుని
నట్లు బిగిస్తూ.
వాడు తోసిన మంచు మర్నాటికి మళ్ళీ అక్కడే.
నేనేమీ అనను. స్పానర్ అందిస్తాను.

అసలు చెప్పాలనుకున్నది పడవ గురించి.

రెండు ఖండాల మధ్య ఒక పడవ.
వచ్చేదాకా నాలుగు నిమిషాలు, ఎక్కాక పదకొండు.
చంపడానికి ఒక్క పీతైనా ఉండదు.
అందుకే మాట్లాడుకునేవాళ్ళం.
పోర్తోలో ట్రామ్ నడిపే ఆదెరీతు,
ఇక్కడ రెండు గొడ్డళ్ళ రాక్షసుడు,
పడవ కొసన నిలబడి
ఉప్పుచేపని ఎన్ని నీళ్ళలో నానబెట్టాలో చెప్పేవాడు.
ఇంగ్లీషు మా ఇద్దరికీ అద్దె ఇల్లే,
గోడకి మేకు కొట్టాలన్నా జంకు.
అయినా ఆ పదకొండేసి నిమిషాల్లోనే
వాళ్ళమ్మాయికి పళ్ళొచ్చాయి, ఊడాయి, మళ్ళీ వచ్చాయి.

మిల్లు మూసేస్తున్నారని
నేను మొట్టమొదట చెప్పింది ఆ రాక్షసుడికే.
చాలాసేపు ఏమీ టైప్ చెయ్యలేదు.
తర్వాత ఉన్నట్టుండి డాన్స్ మొదలెట్టాడు.
కంగారులో తప్పు మీట నొక్కాడట.
నవ్వలేక చచ్చి, కాఫీ కీబోర్డు పాలు చేశాను.
ఇప్పటికీ రెండు చుక్కల 'ఏ' మీట అతుక్కుంటుంది,
మా భాషలో అది లేందే వాక్యం కదలదు.

ఆదెరీతు రావడం మానేశాడు.
చనిపోలేదు, అలాంటిదేం కాదు.
పగటి షిఫ్టు, మోకాలి నొప్పి, కొత్తగా ఓ కుక్కపిల్ల.
విడిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణాలు అక్కర్లేదు.

రెక్కలొచ్చాక పడవెవరెక్కుతారు?
మిల్లు ఆగింది గానీ అది ఆగలేదు.
గంట కొడుతుంది, ఖాళీగా వస్తుంది, ఖాళీగా పోతుంది.
రాత్రికోసారి నేనెక్కుతాను.

నిన్న ఎవరో పొరపాటున ఎక్కారు.
పేరునిండా అంకెలు, డబ్బు పోసి కొన్న బంగారు కవచం,
లోపల రెండో లెవెల్ ప్రాణం.
"దీన్ని స్కిప్ చెయ్యడమెలా?"
కుదరదన్నాను.
కాలు నిలవక అటూ ఇటూ గెంతి గెంతి
అంచు దాటి నీళ్ళలో పడ్డాడు.

ఆ సముద్రం ఈతగాళ్ళని అలిసిపోయేలా చేసి చంపుతుంది.
పచ్చగీత సగమైంది. పైనుంచే మంత్రం వేశాను.
నిండింది, మళ్ళీ తరిగింది.
పడవ ముందుకి పోతోంది,
నా మంత్రం అందే దూరం అయిపోతోంది.

దూకాను.

పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి
ఆ పడవ వెనకభాగం చూశాను,
దీపం ఒకటుందక్కడ, ఎవరూ చెప్పలేదు.

"ఒడ్డు ఎటు?" అన్నాడు.
నాకూ తెలీదన్నాను.
"ఎంతసేపు ఈదాలి?"
అదీ తెలీదు.
వాడి గీత నింపుతూ, నా గీత నింపుకుంటూ
అతుక్కునే మీటల మీద మెల్లగా టైప్ చేశాను:
మీ ఊళ్ళో ఇప్పుడు టైమెంత?